తలకిందులైన జెయింట్ వీల్

ఇవాళ సాయంత్రం దాకా మా బావను అనుమానించాను. నేను అనకాపల్లిలో, తను మునగపాకలో కూర్చుని, జనం కంప్యూటర్లో బొమ్మల రూపంలో తిరిగే ఒక వర్చువల్ లోకంలో, సముద్రం పక్కన తీర్థం, అదే జాతర, కడుతున్నాం. అందులో వస్తువుల బొమ్మలు తనవి, వాటిని కదిలించే స్క్రిప్టులు నావి. నిన్న చక్కగా తిరిగిన జెయింట్ వీల్ ఈ ఉదయం ఎక్కినవాళ్ళని పక్కకి ఒరగదోసి, పైకి వెళ్ళగానే తలకిందులు చేసింది. రేపు కస్టమర్‌కి చూపించాలి. మార్చే అనుమతి మా ఇద్దరికే ఉంది. పైగా తనూ స్క్రిప్టింగ్ నేర్చుకుంటున్నానని బావ మొన్నే అన్నాడు. వెంటనే ఫోన్ చేశాను.

“బావా, నా స్క్రిప్టులో ఏటైనా కెలికేవా?”

“నాను ముట్టనేదు బావా. వీల్ సముద్రం వైపుంటే బాగుంటాదని పక్కకి తిప్పేను, అంతే. అదీ తప్పేనేటి?”

నేను నమ్మలేదు. పాత కాపీతో లైను లైనూ పోల్చి చూశాను. ఒక్క అక్షరం మారలేదు. సీటు నిటారుగా ఉండాలంటే వీల్ తిరిగినంతా అది వెనక్కి తిరగాలి. ఆ రెండు రొటేషన్లనీ (తిరుగుళ్ళనీ) లెక్కలో ఏది ముందు, ఏది వెనక అని నేను గుణించిన వరుసే తప్పు. వీల్ మొదటి దిక్కుకే ఉన్నంతకాలం ఆ తప్పు బయటపడలేదు, బావ దాన్ని సముద్రం వైపు తిప్పగానే బయటపడింది. వరుస మార్చగానే సీట్లు నిటారుగా నిలబడ్డాయి.

ఇంతలో బావే ఫోన్ చేశాడు.

“ఎవులు కెలికేరో తెలిసిందేటి?”

“ఎవరూ కాదు బావా, లెక్కలో చిన్న తేడా.”

“ఎవులి లెక్క?”

సిగ్నల్ సరిగా లేదని పెట్టేశాను. మీరైతే ఏం చెప్పేవారు?