తప్పుల బొమ్మల ఏడుకొండలు

చిత్రకారుడు ఏడుకొండలు గారు ఎవరి ఇంటి బొమ్మ వేసినా అందులో తప్పు ఉండి తీరుతుంది. ఆయన చేయి తిరిగిన మనిషే. నీళ్ల మీద ఎండ వేస్తే చూసేవాళ్లు కళ్లు చికిలిస్తారు. తూర్పు గుమ్మం మాత్రం పడమరకు తిరిగిపోతుంది. అడిగితే, "మతిమరుపండీ" అంటారు.

నందివాడలో దుర్గాప్రసాద్ గారి పాత ఇంటి బొమ్మలో, వాకిట్లో మూడు కొబ్బరిచెట్లు వేశారు.

"ఉన్నవి రెండేనండీ," అన్నారు దుర్గాప్రసాద్.

"ఒకటే. రెండోది పక్కవాళ్లది," అన్నాడు తమ్ముడు.

"మరి దాని మీంచి పడేగా నీ చెయ్యి విరిగింది? పక్కవాళ్ల చెట్టు ఎందుకెక్కావురా?"

అన్నదమ్ములు భోజనాల దాకా వాదించుకున్నారు. ఏడుకొండలు గారు మూడు కాఫీలు తాగారు.

గిలకలదిండిలో చిన్నబాబు తండ్రి పడవకి బొమ్మలో నీలం రంగు వేస్తే, చేపల వేలం ఆపి మరీ నలుగురు వచ్చి అసలు రంగు చెప్పారు. నాలుగు రంగులు చెప్పారు.

పక్కింటి తనూజ అడిగిన బొమ్మలో మాత్రం ఈసారి తప్పు రాకూడదు. ఆమె నాయనమ్మ సుబ్బాయమ్మది పాలకాయతిప్ప దగ్గరి పల్లె. ఇల్లు సముద్రపు కోతకు పోయాక బందరు వచ్చింది. మూడు నెలలుగా 'ఊ', 'ఉహూ' తప్ప మాట లేదు. పెట్టింది తిని గోడవైపు తిరిగి కూర్చుంటుంది. ఆ ఇల్లు బొమ్మలోనైనా కనబడితే మళ్లీ మాట్లాడుతుందేమోనని తనూజ ఆశ.

"మావయ్యా, ఎండుచేపల పందిరి ఇంటి వెనక ఉండేది. కాగితం మీద రాసిస్తాను."

"రాసివ్వమ్మా. నాకసలే మతిమరుపు."

నెలకి బొమ్మ వచ్చింది. పందిరి ఇంటి ముందు, సముద్రం వైపు ఉంది. తనూజకి ఏడుపొచ్చినంత పనైంది.

"రాసిచ్చాను కదండీ."

"కాగితం ఎక్కడ పెట్టానో మర్చిపోయానమ్మా."

గోడవైపు ఉన్న సుబ్బాయమ్మ ఇటు తిరిగింది. బొమ్మను ఎగాదిగా చూసింది.

"ఏమయ్యా, సముద్రం వైపు చేపలెవరు ఎండేస్తారు? గాలికి కంపంతా ఇంట్లోకి కొట్టదూ? మా అత్త బతికుంటే నిన్ను ఆ పందిరికే కట్టేసేది."

"మీ అత్తగారు అంత గట్టివారాండీ?"

"గట్టిదా? కూర్చో, చెప్తా."

అత్త కథ అయింది. అత్త చేపల గంప కథ అయింది. ఉప్పెనలో కొట్టుకుపోయి మూడు ఊళ్ల అవతల దొరికిన నులకమంచం కథ మొదలైంది. తనూజ వింటూ నిలబడిపోయింది. లోపల పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

మళ్లీ పాలు పెట్టి, ఆయన సంచీ అడ్డంగా ఉందని వరండాలోకి తీసుకెళ్లింది. అందులోంచి ఇంకో బొమ్మ జారింది. అదే ఇల్లు. పందిరి వెనకే ఉంది. ఎక్కడా తప్పు లేదు.

వెనకే వచ్చిన ఏడుకొండలు గారు గబుక్కున దాన్ని సంచీలో దోపేశారు.

"ఇప్పుడే చూపించకమ్మా," అన్నారు గొంతు తగ్గించి. "లోపలి బొమ్మలో, వంటపాక దగ్గర ఇంకా నాలుగు తప్పులున్నాయి. అవి కూడా తిట్టించుకోనీ."

లోపల్నుంచి కేక వినబడింది. "ఏమయ్యా, మా వంటపాకకి తలుపెక్కడిది?"

"లేదాండీ? మరి కుక్కలు దూరవూ?" అంటూ ఆయన లోపలికి పరిగెత్తారు.