బావి గిలకతో లేచిన తెరచాప

మా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం, వశిష్ఠ గోదావరి నడిమధ్యన, మా తెరచాప కిందికి దిగనని మొండికేసింది... ఇప్పటికీ గాలివాన వస్తే నాకు ముందుగా గుర్తొచ్చేది అదే.

మాది సఖినేటిపల్లి వైపు గట్టు. తాతయ్య కట్టించిన పాత చెక్క పడవ నాన్న చేతికొచ్చింది. లంకల్లో కొబ్బరికాయలు ఎత్తుకుని అవతల నరసాపురంలో దించడం ఆయన పని. అప్పటికే రేవులో అందరూ ఇంజన్లు పెట్టేసుకున్నారు. గాలి ఊరికే వస్తుంటే డీజిలెందుకు అనేవారు నాన్న. అమ్మ దాన్ని చాదస్తం అనేది.

ఆ వేసవి సెలవుల్లో పడవ కప్పీ పగిలిపోయింది. కప్పీ అంటే తెరచాప కొయ్య కొసన ఉండే చెక్క చక్రం... దాని మీదుగా మోకు లాగితేనే తెరచాప లేచేది, దిగేది. అవి చెక్కే వడ్రంగి తాతకి చూపు పోయింది. నరసాపురంలో ఇనప కొట్లో అడిగితే, "ఇంకా తెరచాపలేంటండీ బాబూ" అని నవ్వారట. పదిహేను రోజులు పడవ గట్టునే ఉండిపోయింది. నాన్న రోజూ వెళ్లి దాన్ని చూసొచ్చేవారు.

నాకేమో సెలవులు అయిపోతున్నాయని బెంగ. నన్ను పడవెక్కనిచ్చేది సెలవుల్లోనే మరి. పెరట్లో చేతిపంపు వేశాక మా బావి గిలక పనిలేక వేలాడుతుండేది. "నాన్నా, అది పెడితే తిరగదా?" అన్నాను.

నాన్న చాలాసేపు దాన్నే చూశారు. "మోకు లావు, దీని గాడి ఇరుకు... చూద్దాంలే బుల్లీ" అన్నారు. వద్దన్నట్టే అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే రేవుకెళ్తే గిలక కొయ్య మీద ఉంది.

మూడు రోజులు కిర్రుకిర్రుమంటూ బాగానే తిరిగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను... ఆలోచన ఎవరిదో అమ్మ అడగలేదు, నేను చెప్పలేదు.

నాలుగో రోజు అమ్మ కూడా ఎక్కింది. అల్లిన లేసు మూటగట్టుకుని నరసాపురంలో ఇచ్చి రావాలని. సగం ఏరు దాటామో లేదో, ఉత్తరాన మబ్బు కమ్మేసింది. నాన్న వెంటనే తెరచాప దించబోయారు. మోకు కదల్లేదు... పైకి చూస్తే అది గాడిలోంచి జారి, చక్రానికీ ఇనప చట్రానికీ మధ్య ఇరుక్కుపోయి ఉంది.

ఇంతలో గాలి మీద పడింది. పడవ ఒక పక్కకి ఒరిగిపోయింది. కొబ్బరికాయలు దడదడా దొర్లి నీళ్లలో పడుతున్నాయి. నాన్న తెరచాప కింది తాడు వదిలేశారు... అయినా అది ఫటఫటా కొట్టుకుంటూ మమ్మల్ని లాక్కుపోతూనే ఉంది. నీళ్లు కూడా సముద్రం వైపే లాగుతున్నాయి. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర తిరగబడ్డ పడవల కథలు మా గట్టున పిల్లలందరికీ తెలుసు. ఆ కథల్లో ఎవరూ ఇంటికి రారు.

"చుక్కాని పట్టుకో. ఏం జరిగినా వదలకు" అన్నారు నాన్న, అమ్మతో.

"నువ్వెక్కడికి మావా?"

"పైకి. మోకు కోసేత్తాను. బుల్లీ, ఆ కత్తి ఇలా ఇయ్యమ్మా."

కొబ్బరికాయలు కొట్టే కత్తి అది. ఆయన నా మణికట్టు గట్టిగా పట్టుకుని కత్తి తీసుకున్నారు. దాన్ని పళ్ల మధ్య కరిచిపట్టి ఎక్కడం మొదలెట్టారు. నాకు కనిపిస్తున్నవి ఆయన అరికాళ్లే... ఒకసారి జారాయి, మళ్లీ పట్టుకున్నాయి. అమ్మ "గంగమ్మ తల్లీ, గంగమ్మ తల్లీ" అంటూనే ఉంది. నాకు దేవుడి పేరు కూడా నోటికి రాలేదు. నేనన్నాననే ఆ గిలక అక్కడుంది... నేనన్నాననే నాన్న అక్కడున్నారు... లోపల అదొక్కటే తిరుగుతోంది. పావడా తడిపేసుకున్నాను. అప్పుడే వాన మొదలైంది గనక ఎవరికీ తెలియలేదు.

మోకు తెగి, తెరచాప ధబ్బున కాయల మీద పడింది. పడవ తిన్నగా లేచింది. నాన్న కొయ్యని కావలించుకుని జారుతూ దిగి, ముందు లంగరు వేశారు. ఆ తర్వాతే చేతులు చూసుకున్నారు... అరచేతుల్లో తోలు లేదు.

గాలి తగ్గింది. అమ్మ చీరకొంగు చింపి ఆయన చేతులకి కడుతూ అడిగింది.

"బుద్ధున్నోడెవడైనా పడవకి బావి గిలక కడతాడా? ఎవరిచ్చారు మావా ఈ సలహా?"

ఏటికన్నా ఆ ప్రశ్నకే నేను ఎక్కువ భయపడ్డాను.

నాన్న నా వైపు చూడనైనా చూడలేదు. "నాకే తోచింది" అన్నారు.

ఎన్నేళ్లు దెప్పిందో అమ్మ... చుట్టాలొస్తే చాలు, "మా ఆయన తెలివి మీకు తెలీదు కదూ" అని అందుకునేది. అందరూ నవ్వేవారు, నాన్న కూడా. నేను మాత్రం ఏదో పనున్నట్టు వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని.

నిజం చెప్పడానికి నాకిన్నేళ్లు పట్టింది. పోయిన నెల ఊరెళ్లినప్పుడు, అమ్మ కూడా వినేలా, "ఆ గిలక మాట అన్నది నేనే కదా నాన్నా" అన్నాను. అమ్మ చేతిలో లేసు ఆగింది.

"నువ్వా? నీకేం తెలుసమ్మా అప్పటికి... నేనే పెట్టాను" అన్నారు నాన్న.

మరిచిపోయారో, ఇంకా నన్ను కాస్తూనే ఉన్నారో తెలియలేదు. అడిగే ధైర్యం చాల్లేదు.

ఇప్పుడా రేవులో తెరచాప ఒక్కటీ లేదు... ఏ సామాను పాడైనా ఫోన్లో నొక్కితే కొత్తది గుమ్మంలోకొస్తుంది. మీ తప్పు తన నెత్తినేసుకుని నవ్వులపాలైన మనిషి మీ ఇంట్లోనూ ఉంటే, ముందు వాళ్ల దగ్గర కూర్చుని ఆ మాట చెప్పండి... తర్వాత తీరిగ్గా ఇక్కడ కామెంట్లలో రాద్దురుగాని.