బ్యాటరీ లేని బండిలో లేచిన ముల్లు

దయ్యాల మాటెత్తితే నేను మొదటినుంచీ ఎగతాళే చేసేవాణ్ణి. ఇల్లందులో బండ్ల వైరింగ్ పని నాది. ఫలానా మలుపు దగ్గర బండి దానంతటదే ఆగిపోయిందని ఎవరైనా వణుకుతూ వస్తే, దయ్యం కాదు నాయనా, ఎర్తు లూజయిందని వైరు బిగించి పంపేవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయేదాన్ని కూడా అట్లాగే తేల్చేయాలని చాలా చూశాను. తేలలేదు.

సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతికీ రాని రోజులు. మా అన్న భద్రాచలం అవతల అడవిలో కల్వర్టు పనులకు మేస్త్రీగా వెళ్ళాడు. అక్కడ మలేరియా పట్టుకుంటే భద్రాచలం దవాఖానాలో చేర్చారు. అక్కడ ఆయన దగ్గరే ఉన్న వదిన ఇల్లందులో ఉన్న పిల్లల్ని ఒకసారి చూసి వద్దామని వచ్చింది. తెల్లారేసరికి బంద్. బస్సుల్లేవు, షాపుల్లేవు. అన్నతో పనిచేసే రఫీ దవాఖానా నుంచి పక్కింటికి ఫోన్ చేశాడు. జ్వరం మెదడుకెక్కిందట, మనిషికి తెలివి లేదట, జల్దీ రమ్మన్నాడు.

బండ్లు బాగుచేసేవాడికి సొంత బండి లేదని నవ్వకండి, లేదు. ఉన్నదల్లా అన్న పాత మోటార్‌సైకిల్. ఛార్జింగ్ ఎక్కడం లేదని ఆయనే మా వాకిట్లో వదిలిపోయాడు. దానికి బ్యాటరీ ఉంటేనే ఇంజను నడుస్తుంది. బ్యాటరీ అయిపోతే అడవి మధ్యలో ఆగిపోవాల్సిందే.

టెర్మినళ్ళు గీకాను. ఫ్యూజు చూశాను, రెక్టిఫయర్ చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. ఇంజను పక్క మూత విప్పి చూస్తే కరెంటు పుట్టించే కాయిల్ మాడి బొగ్గయింది. కొత్తది కొందామంటే షాపు లేదు. వదిన సంచి ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది.

బ్యాటరీ తీసి నేల మీద పెట్టాను. తాళం చెవి నా జేబులో ఉంది. అప్పుడు హెడ్‌లైటు మీది మీటర్లో ముల్లు లేచింది. ఛార్జింగ్ ఎక్కుతుంటే ప్లస్ వైపు, ఖర్చవుతుంటే మైనస్ వైపు వాలే ముల్లు అది. ప్లస్ వైపు వాలి సన్నగా అదురుతోంది. అద్దం మీద తట్టాను. అయస్కాంతం దగ్గరుంటే ముల్లును లాగుతుందని, కాయిల్ మీంచి విప్పిన మ్యాగ్నెట్‌ను గేటు దాకా తీసుకెళ్ళి పెట్టి వచ్చాను. అయినా దిగలేదు. ఎవరో యాక్సిలరేటర్ తిప్పుతున్నట్టే పెరుగుతోంది, తగ్గుతోంది.

వదిన లేచి వచ్చింది. కాసేపు ముల్లునే చూసి, హ్యాండిల్ మీద చెయ్యేసి, "ఇగ చాలు, ఆపు. నువ్వు రాకు, మేమే వస్తున్నం" అంది. నాతో కాదు, బండితో. ముల్లు మెల్లగా దిగి సున్నా మీద నిలిచింది.

అన్న ప్రాణమే పోయి ఇక్కడికి వచ్చిందేమోనని ఇద్దరికీ ఒకటే భయం పుట్టింది.

చర్చి మైకుసెట్టు బ్యాటరీ అడిగి తెచ్చి, విప్పినవన్నీ మళ్ళీ బిగించి, కనెక్షన్ ఇచ్చి, వెనక క్యారియర్‌కు తాళ్ళతో కట్టాను. లైటు, హారన్ వైర్లు పీకేసి బయల్దేరాం. దారంతా ముల్లు మైనస్ వైపే ఉంది. ఛార్జింగ్ లేని బండిలో ఉండాల్సిన చోటే అది. అంటే మీటరు చెడిపోలేదు. కొత్తగూడెం దాటి అడవిలో పడ్డాక వదిన నా భుజం గట్టిగా పట్టుకుంది.

"ఆపు అంటి కదా ప్రకాశ్. గా మాట ఎందుకొచ్చిందో నోట్ల. నేనే ఆపేసిన్నా ఆయన్ని?"

అదే మాట మళ్ళీ మళ్ళీ అంది. బండిని తిట్టుకుంటూ, దేవుణ్ణి బతిమాలుకుంటూ నడిపాను.

దవాఖానా మెట్ల మీదే రఫీ ఎదురొచ్చాడు. అతని ముఖంలోకి చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

"ఉన్నడన్నా, ఉన్నడు. పొద్దటి సంది రెండు చేతులు ముందటికి చాపి కుడిచెయ్యి తిప్పుడే తిప్పుడు. నలుగురం పట్టినా ఆగలే. అటెంక ఒక్కసారే వదిలేసిండు. చెమటలు పట్టినయి, నిద్రబోయిండు."

ఎప్పుడని అడిగాను. అతను చెప్పిన వేళా, వదిన హ్యాండిల్ మీద చెయ్యేసిన వేళా ఒకటే.

మర్నాడు అన్న కళ్ళు తెరిచి వదినను చూశాడు. "ఎంత దూరం నడిపినా ఇల్లు రాలే. నీ గొంతు వినబడ్డది, ఆపిన" అన్నాడు. అప్పటిదాకా కన్నీటిచుక్క రాల్చని వదిన మంచం పట్టె పట్టుకుని బోరుమంది.

తర్వాత ఆ మీటరు విప్పి చూశాను. ఏ లోపమూ లేదు. కరెంటు లేనిదే ముల్లు కదలదని ఇప్పటికీ నమ్ముతాను. ఆ రోజు అది ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం చెప్పలేను. వదిన దగ్గర ఆ మాటెత్తితే, "మనిషి దక్కిండు. కరెంటు సంగతి నీకెందుకు?" అంటుంది.

నిజమే. అయినా నా మనసు ఊరుకోదు.