ముదురు గొర్రె మామ

కాటమయ్యతో హోటలుకు పోవడమంటే తలనొప్పి కొనితెచ్చుకోవడమే. ఇరవై రెండేళ్లుగా నేనూ, నయీమూ ఆ తలనొప్పి పడుతూనే ఉన్నాం. పులివెందుల బస్టాండు దగ్గర మా ఇద్దరివీ పక్కపక్క కొట్లు. నాది సెల్‌ఫోన్ల రిపేరు, నయీంది మోటారు సైకిళ్ల రిపేరు. కాటమయ్యది తొండూరు. అరవై గొర్రెలు, రెండెకరాల చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉన్నాయి.

నెలకొకసారి ముగ్గురం కలిసి ఎక్కడో ఒకచోట భోంచేస్తాం. తెలిసిన హోటలైతే పరవాలేదు. రోడ్డు మీది కొత్త దాబా అయితే మాత్రం కాటమయ్య కుర్చీలో కూర్చోకుండా నేరుగా వంటింట్లోకి పోతాడు. ఒక్కోసారి తిరిగొచ్చి, "గొర్రె ముదురుదప్పా, తినేకి పనికిరాదు" అంటాడు. మాకు పప్పు చెప్పి తానూ పప్పే తింటాడు. నయీం అరుస్తాడు, నేను వంత పాడతాను. సర్వర్లు మమ్మల్ని చూసి నవ్వుకుంటారు.

మూడేళ్లుగా నేనే రాసి, తీసి యూట్యూబులో పెడుతున్న కామెడీ సిరీస్ ఒకటుంది. ఆమధ్య కథ దొరకక ఈ పప్పు గొడవనే ఎపిసోడ్ చేశాను. కాటమయ్య వేషం ప్రొద్దుటూరు నటుడొకాయన వేశాడు. పాత్ర పేరు ముదురు గొర్రె మామ. అసలు మనిషికి మాత్రం ముందుగా ఒక్క మాట చెప్పలేదు.

వారంలో రెండు లక్షల మంది చూశారు. మా బ్యాచిలోనూ ఇట్లాంటోడు ఒకడున్నాడని కువైట్ నుంచి ఎవరో రాశారు. యాస అర్థం కావడం లేదు, కింద అక్షరాలు వేయండని విజయవాడ ఆవిడ. ఇంకొకడు, "ఈ మామను గొర్రెలతో పాటు బయట కట్టేసి మీరు లోపల తినండి" అన్నాడు. దానికి నేను గుండె బొమ్మ పెట్టాను. బుద్ధి గడ్డి తిన్నది, అంతే.

ప్రతి సోమవారం నా కొట్టుకు వచ్చి టీ తాగే కాటమయ్య రెండు సోమవారాలు రాలేదు. ఫోన్ చేస్తే కోడలు ఎత్తి, తోటలో ఉన్నాడంది. నాకు గుబులు పట్టుకుంది. నాలుగు నవ్వుల కోసం స్నేహాన్ని పోగొట్టుకున్నానా అని అన్నం సయించలేదు.

అప్పుడు ఇంకో కామెంటు వచ్చింది. రాసింది పీర్ సాహెబ్ అని, జమ్మలమడుగులో వంట మాస్టరు. "నేను తాడిపత్రి రోడ్డు దాబాలో ఉన్నప్పుడు మీ మామ వంటింట్లోకి వచ్చినాడు. గొర్రె వయసు అడగలే. కోసింది ఎవరు, హలాల్ చేసిందేనా అని అడిగినాడు. కాదంటే, నా స్నేహితులు సాయిబులు, ఈ మాట వాళ్ల ముందర అనొద్దు అన్నాడు. బయటికి పోయి, మీ ఎపిసోడ్‌లో మాదిరే, గొర్రె ముదురుదని చెప్పినాడు."

మూడుసార్లు చదివాను. మా ఊళ్లో అలవాటు కొద్దీ ఎక్కడైనా మనవాళ్లే కోసుంటారనుకునే మొద్దులం నేనూ, నయీమూ. సిగ్గుతో చచ్చిపోయాను. వెంటనే షట్టరు దించి తొండూరు బస్సెక్కాను.

కాటమయ్య తోటలో చీనీ చెట్లకు పాదులు చేస్తున్నాడు. నన్ను చూసి పార పక్కన పెట్టాడు. నేను నోరు తెరవకముందే, "ఆ గుండె బొమ్మ నువ్వే పెట్టినావంట గదా" అన్నాడు. తప్పయిందన్నాను. మట్టి చేతులు దులుపుకున్నాడు. ఎపిసోడ్ బాగానే ఉందనీ, తానూ నవ్వాననీ, ఆ ఒక్క బొమ్మే గుచ్చుకుందనీ చెప్పాడు.

పీర్ సాహెబ్ రాసింది చదివి వినిపించాను. వింటూ తల దించుకున్నాడు, తప్పు చేసింది తానైనట్టు.

"ముగ్గురం మొదటిసారి ప్రొద్దుటూరుకు బిర్యానీకి పోయిన పొద్దు మీయమ్మ షాహీదాబీ నాతో చెప్పింది. వీళ్లు ఆకలైతే ఏమీ అడగరు, నువ్వు చూసుకో నాయనా అని. చూసుకుంటాండా."

అమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. ఈ మనిషి ఇంకా చూసుకుంటూనే ఉన్నాడు. ఇంతటివాడితో ఒకే బల్ల దగ్గర తింటూ వచ్చినందుకు నాకు గర్వంగా అనిపించింది, వాణ్ణి గుర్తుపట్టనందుకు ఏడుపొచ్చింది. నయీంకు చెప్పొద్దన్నాడు. పీర్ సాహెబ్ కామెంటు కనబడకుండా చేసేశాను. ఆ గుండె బొమ్మనూ తీసేశాను.

మొన్న శుక్రవారం ముగ్గురం ముద్దనూరు రోడ్డులో కొత్త దాబాకు పోయాం. కాటమయ్య లేవబోతే భుజం పట్టుకుని, కూర్చో మామా, ఈసారి నేను పోయి అడుగుతానని చెవిలో అన్నాను.

నా చెయ్యి మెల్లగా తీసేశాడు. "నువ్వు అడిగితే అందరూ నీ దిక్కు చూస్తారప్పా. నేను అడిగితే గొర్రెల కాపరోడు గొర్రె గురించి అడుగుతాండాడు అనుకుంటారు."

లోపలికి పోయి వచ్చాడు. గొర్రె ముదురుదన్నాడు. నయీం ఎప్పటిలాగే అరిచాడు. నేనూ అరిచాను, ఎప్పటికంటే గట్టిగా, దాబాలో అందరికీ వినబడేలా.