తాయారు పెంచిన బూజు

ఎక్కడ ఈగ కనబడినా తాయారు వదలదు. చటుక్కున కొట్టి రుమాలులో మూట కట్టుకుంటుంది. వరినారును కుళ్లబెట్టే నీటి బూజును పరిశోధనశాలలో సీసాల్లో పెంచడం ఆమె ఉద్యోగం. ఆ బూజుకు చచ్చిన ఈగలంటే ప్రాణం. బర్మాలో 1988 తిరుగుబాటప్పుడు పరిశోధనశాల మూతపడితే, బూజు చచ్చిపోతుందని పన్నెండు సీసాలనూ సంచిలో పెట్టుకుని పజుండౌంగ్ పేటలోని ఇంటికి బయలుదేరింది.

దారిలో ముళ్లకంచె దగ్గర కాపలా ఉన్న నలుగురిలో ఒక కుర్ర సిపాయి ఆపాడు. "పెట్రోలా?" అంటూ ఒక సీసా మూత తీసి, ముక్కు మూసుకుని, కాలవలో వంచబోయాడు. కంగారులో తాయారుకు బర్మా భాష ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"ఓరి నాయినా, ఒలకబొయ్యకురా! ఆరేళ్లు పెంచినాన్రా!" అంటూ అతని చెయ్యి పట్టుకుంది. తరువాత తేరుకుని, అది నారు తెగులని బర్మా భాషలో చెప్పింది.

సిపాయి సీసాను వెలుగుకెత్తి చూశాడు. "మా ఊరు ట్వంటేలో మొలకలకు పట్టేది ఇదే. ఈ ఏడు మా అమ్మ రెండుసార్లు విత్తనం చల్లింది. దీనికి మందేమిటి?"

"అది కనుక్కోవడానికే పెంచుతున్నాం. ఇంకా దొరకలేదు."

అతను మూత గట్టిగా బిగించి, సీసాను జాగ్రత్తగా సంచిలో పెట్టాడు. "కంచె జరపండి, సయామా వెళ్తోంది!" అని కేకేశాడు. బర్మాలో పంతులమ్మలను అలా పిలుస్తారు. ఎనిమిదో తరగతితో బడి మానేసిన తాయారు ఆ మాటను దిద్దలేదు. నలుగురు సిపాయిల మధ్యనుంచి వీలైనంత నెమ్మదిగా నడిచింది.