దింపుడు కళ్ళానికి జాగా

గిద్దలూరులో మా బట్టల దుకాణం ముందు రోడ్డు మధ్యన ఇనుప కంచెతో డివైడర్ కట్టారు. ఊరు అందంగా ఉంటే మనుషులు సంతోషంగా ఉంటారని ప్రారంభోత్సవంలో చెప్పారు. నేనూ చప్పట్లు కొట్టాను. కంచె వెంట కాగితం పూల మొక్కలు నాటి, రోజూ ట్యాంకరుతో నీళ్ళు పోశారు. ఆ వేసవిలో మా వీధికి ట్యాంకరు రాలేదు. మేం పూచే రకం కాదు మరి.

ఎదురు దుకాణంలో కిరాణా మామ దగ్గర కూర్చోవడం తప్ప నాయనకు వేరే సరదా లేదు. కంచె వచ్చాక అటు వెళ్ళాలంటే సర్కిల్ దాకా నడిచి తిరిగి రావాలి. మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఇద్దరూ ఎవరి గల్లా దగ్గర వాళ్ళు కూర్చుని, లారీల సందులో అరుచుకునేవారు.

"తిన్నావా?"

"ఆఁ?"

"తిన్నావా అంటాండా!"

"ఎవరు పోయినారు?"

అంతటితో అలసిపోయి నాయన లోపలికి వచ్చేసేవాడు. రోజూ నడవమని, నలుగురిలో తిరగమని డాక్టరు చెప్పాడు. ఎక్కడో చెప్పలేదు.

నాయన పోయిన రోజు మామ సర్కిల్ చుట్టూ తిరిగి వచ్చాడు. పాడె వెంట నడిచాడు.

శ్మశానానికి పోయే దారిలో పాడెను ఒకసారి దించి, చెవిలో మూడుసార్లు పిలుస్తాం. ప్రాణం ఉంటే పలుకుతారని ఆశ. అదే దింపుడు కళ్ళం. మా తాతను దించిన ఖాళీ జాగా ఇప్పుడు పార్కయింది. లోపల పచ్చిక, ఫోటోలు దిగడానికి పెద్ద ఎర్ర హృదయం బొమ్మ; గేటుకు తాళం. సాయంత్రం దాకా తెరవరట. చనిపోయేవాళ్ళు వేళ చూసుకోవాలి.

"యాడ దించాల్రా? కాలవలోనా?" అన్నాడు మోసేవాళ్ళలో ఒకడు. చివరికి రోడ్డంచున, ఆటోల మధ్య దించారు.

వంగి "నాయనా" అన్నాను. వెనక లారీ హారన్. మళ్ళీ పిలిచాను. "కొంచెం జరపండన్నా, బండ్లు ఆగిపోయినాయి" అన్నాడు ఆటో అతను, మర్యాదగానే. మూడోసారి నా గొంతు నాకే వినపడలేదు. మోసేవాళ్ళు పాడెకు చేతులు వేశారు.

"ఆగండ్రా," అన్నాడు మామ. "పక్కనుండే నాకే వినపళ్ళా, ఆయనకేం వినపడతాది? ఇంకోసారి పిలువు అల్లుడా."

"మూడే కదా మామా, శాస్త్రం."

"శాస్త్రం రాసినోడు ఈ రోడ్డు చూసినాడా ఏంది?"

మామ రోడ్డు మీదికి వెళ్ళి, లారీకి ఎదురుగా చెయ్యి ఎత్తి నిలబడ్డాడు. హారన్లు ఆగాయి. నాలుగోసారి పిలిచాను.

ఈసారి బాగా వినపడింది. నాయన పలకలేదు.