పెద్దాయనకు వేసిన ఆకు

మొన్న తిరుపతిలో ఒక పెళ్లి భోజనంలో నాకు అరిటాకు తిరగేసి వేశారు. కొస ఎడమకు ఉండాల్సింది, కుడికి ఉంది. వేడి అన్నం తగిలిన పచ్చి ఆకు వాసనకు పలమనేరులో మా అవ్వ ఇల్లు గుర్తొచ్చింది.

మా చిన్నమామ యుద్ధంలో విమానం కూలి బర్మాలో చనిపోయాడు. శవం కూడా రాలేదు. అవ్వకు తెలియకుండా అతణ్ణి చిత్తూరు తీసుకెళ్లి విమానదళంలో చేర్పించింది మా వీధి పెద్దాయనే. ఏటా మామ తద్దినం నాడు ఆయన వచ్చి అరుగు మీద కూర్చునేవాడు.

"బర్మాలో దొరలు ఏటేటా సమాధుల కాడ పూలు పెట్టి బూర ఊదతారంటమ్మా. నీ కొడుకు పేరు రాతిలో చెక్కినారు. ఎంతమందికి దక్కుతాది ఆ గౌరవం?" అన్నాడు నాకు ఎనిమిదేళ్లున్న ఏడు.

"నాకు బిడ్డే దక్కలేదు గదప్పా" అంది అవ్వ. నావైపు తిరిగి, "పాపా, ఆయనకు ఆకెయ్యి" అంది.

పోయినవాళ్లకు కొస కుడికి పెట్టి ఆకు వేయడం పొద్దున్నే చూశాను. అలా వేస్తే బతికున్న మనిషి చచ్చిపోతాడని అప్పటి నా నమ్మకం. పెద్దాయనకు అలాగే వేశాను. అవ్వ చూసింది. తిప్పలేదు. దాని మీదే అన్నం వడ్డించింది. పెద్దాయన మొహం నల్లబడింది. ముద్ద ముట్టకుండా లేచి వెళ్లినవాడు మళ్లీ మా గడప తొక్కలేదు.

నేను మాత్రం నెల్లాళ్లు వాళ్లింట్లో ఏడుపు వినిపిస్తుందేమోనని ఎదురుచూశాను. ఆయన ఎనభై దాటి బతికాడు.

మొన్న పెళ్లిలో నా ఆకు నేనే తిప్పుకుని తిన్నాను. ఆయన ఆకు మాత్రం ఇప్పటికీ తిప్పబుద్ధి కాదు.